ఆండాళమ్మ చెప్పని మాట

ఓర్వలేనితనం చదువుకున్నవాళ్లకు రాదని ఎవరైనా చెబితే నమ్మకండి. వాళ్లకూ వస్తుంది. కాకపోతే ఇస్త్రీ బట్టలేసుకుని వస్తుంది. కావాలంటే ఆండాళమ్మ సంగతి వినండి.

మిర్యాలగూడ చుట్టుపక్కల ఒక మండల దవాఖాన ఉంది. ఊరి పేరు చెప్పను. చెబితే అక్కడివాళ్లు పొద్దున్నే నా గుమ్మం ముందు నిలబడతారు. ఆ దవాఖానలో ఇరవై ఏడేళ్లుగా రక్తపరీక్షలు చేసే మనిషి ఆండాళమ్మ. పుట్టింది నిడమనూరులో, మెట్టింది త్రిపురారంలో. భర్త సత్యనారాయణకు కాలువ కింద ఏడెకరాల పొలం ఉంది, ఇంట్లో దేనికీ కొదవ లేదు. ఆవిడ ఉద్యోగం చేసేది తిండికి కాదు, పేరుకు. ఆ పేరంతా ఆవిడ కంట్లో ఉంది.

కన్నంటే మామూలు కన్ను కాదు. జ్వరం వచ్చినవాడి వేలు గుచ్చి, ఒక్క చుక్క గాజు పలక మీద పూసి, రంగు వేసి మైక్రోస్కోపు కింద పెడితే, ఎర్రకణాల్లో నక్కి కూర్చున్న మలేరియా పురుగు ఆవిడకు ఇట్టే దొరికిపోయేది. మిగతావాళ్లు పావుగంట వెతికి "ఏం లేదు" అని రాసిన పలకలు ఆవిడ దగ్గరికి వచ్చేవి. ఆవిడ రెండు నిమిషాలు చూసి, "ఉన్నది. కండ్లు కడుక్కొని సూడుమను" అనేది. ఒకసారి జిల్లావాళ్లు పిలిచి, శాలువా కప్పి, సర్టిఫికెట్ ఇచ్చారు. దానికి ఫ్రేము కట్టించి ల్యాబు గోడకు తగిలించింది. సోమవారం సోమవారం స్పిరిటుతో తుడిచేది. ఇక ఆ మైక్రోస్కోపు మీద ఇంకొకరి చెయ్యి పడనిచ్చేది కాదు. తన పాత పోచంపల్లి చీర చింపి దానికి ముసుగు కుట్టింది. కన్నబిడ్డలకైనా అంత ముద్దుగా కుట్టిందో లేదో నాకు తెలియదు.

అలాంటి చోటికి స్వర్ణ వచ్చింది.

ఇరవై ఆరేళ్ల పిల్ల. కాంట్రాక్టు ఉద్యోగం. తుంగతుర్తి వైపు గొర్రెల కాపరి యాదయ్య కూతురు. ఆ వైపంతా మెట్ట. కోతలు కాగానే అక్కడి మందలు మేత కోసం మా కాలువ కిందికి దిగుతాయి. రైతులు పోటీపడి తమ మడిలో మంద పెట్టించుకుంటారు. గొర్రెలు నాలుగు రాత్రులు పడుకున్నాయంటే ఆ పెంటికలే తర్వాతి నాటుకు ఎరువు. యాదయ్య మంద కూడా ఒకప్పుడు ఆండాళమ్మ పొలంలోనే దిగేది. గట్టు మీద ముక్కు చీదుకుంటూ కూర్చున్న అతని కూతురికి పాత నోటుపుస్తకాలు ఇచ్చి "సదువుకోవే" అన్నది ఆండాళమ్మే. ఆ పిల్ల నిజంగానే చదువుకుని, తెల్లకోటు వేసుకుని పక్క బల్ల దగ్గరికొచ్చి కూర్చునేసరికి మాత్రం ఆండాళమ్మ ఓర్వలేకపోయింది.

స్వర్ణ వెంట ఒక మిషన్ కూడా వచ్చింది. అరచేతిలో పట్టేంత ఉంటుంది, ఇంట్లో షుగరు చూసుకునే దానిలాగే. అది ఎందుకో తెలియాలంటే కాస్త వైద్యం చెప్పాలి, ఓపిక పట్టండి. మలేరియాలో ఒక రకం ఉంది. జ్వరం తగ్గినా పురుగు కాలేయంలో దాక్కుని, కొన్నాళ్లకు మళ్లీ లేస్తుంది. దాన్ని అక్కణ్ణుంచి వెళ్లగొట్టడానికి పద్నాలుగు రోజులు ఒక మాత్ర ఇస్తారు. మంచి మందే. కానీ కొందరికి పుట్టుకతోనే రక్తంలో ఒక ఎంజైము తక్కువుంటుంది, జి-సిక్స్-పి-డి అంటారు. తల్లి వైపునుంచి వస్తుంది, ఎక్కువగా మగపిల్లలకు తగులుతుంది. అలాంటి పిల్లవాడు అందరిలాగే తింటాడు, ఆడతాడు, ఏ తేడా కనపడదు. ఆ మాత్ర పడిందా, ఎర్రకణాలు పగిలిపోతాయి, మూత్రం డికాక్షన్‌లా నల్లగా వస్తుంది, చూస్తుండగానే పిల్లవాడు పాలిపోతాడు. అందుకే మలేరియా తేలిన పిల్లలకు ఆ మాత్ర ఇచ్చేముందు ఈ మిషన్‌తో ఎంజైము చూడాలి. ఆ పని హైదరాబాదులో నేర్చుకుని వచ్చింది ఆ దవాఖానలో స్వర్ణ ఒక్కతే.

ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అన్నారా? డాక్టరు మహేష్‌ది కోదాడ, మాటకు కాస్త ఆంధ్ర గాలి తగిలిన మనిషి. మంచివాడే, కాకపోతే మెచ్చుకోలు కడుపులో దాచుకోవడం రాదు. "స్వర్ణా, నువ్వు లేకపోతే ఈ పిల్లల గతి ఏమయ్యేదమ్మా!" అనేవాడు, అదీ తలుపు బార్లా తెరిచిపెట్టి. ఇరవై ఏడేళ్లలో ఒక్క డాక్టరన్నా తనను "మీరు లేకపోతే" అన్నాడా అని ఆండాళమ్మ లోలోపల ఉడికిపోయేది. ఎందుకంటారు, ఆవిడ ఎప్పుడు లేదు గనక!

ఆవిడ చేసిన చిల్లర పనులు చెబితే మీకు నవ్వొస్తుంది. దూది డబ్బా బీరువాలో పెట్టి తాళం వేసేది. స్వర్ణ అడిగితే, "ఉండు, చెవి యాడ వెట్టిన్నో" అని పది నిమిషాలు నిలబెట్టేది. చాయ్ తెప్పిస్తే రెండే గ్లాసులు, తనకొకటి, డాక్టరుకొకటి. ఆ పిల్లను ఒక్కనాడు పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు. "ఓ మిషన్ పిల్లా" అనేది. స్వర్ణ మాత్రం "మేడం, మేడం" అంటూ వెనకే తిరిగేది. ఒకరోజు దగ్గరికొచ్చి, "మేడం, మీ మైక్రోస్కోపుల నన్నొక్కసారి సూడనిస్తరా? మీ లెక్క సూసుడు నేర్చుకోవాలని ఉంది" అని అడిగింది.

"ఎందుకమ్మా, నీకు మిషన్ ఉన్నది గద. నంబరు సదువుకో" అంది ఆండాళమ్మ, ముసుగు సర్దుతూ.

అయితే ఆ కుళ్లు కింద ఇంకొకటి ఉంది. అది ఆవిడ మొగుడికి కూడా చెప్పలేదు. పన్నెండేళ్ల కిందట లింగమ్మ అనే కాపరి మనిషి తన కొడుకు సంతోష్‌ను ఆ దవాఖానకు తెచ్చింది. లింగమ్మ, ఆమె మొగుడు లింగయ్య తమ మందను ఏటా ఆండాళమ్మ మడిలోనే పెట్టేవాళ్లు. సంతోష్‌కు పదకొండేళ్లు, విడవని జ్వరం. ఆండాళమ్మ పలక చూసి రెండు నిమిషాల్లో మలేరియా అని తేల్చింది. పద్నాలుగు రోజుల మాత్రలు తన చేత్తోనే కాగితంలో చుట్టి ఇచ్చింది. అప్పట్లో ఆ దవాఖానలో ఈ ఎంజైము పరీక్ష లేదు. నాలుగో రోజుకు పిల్లవాడి మూత్రం నల్లబడింది, కళ్లు పచ్చబడ్డాయి. పసిరికలు, అదే కామెర్లు, అనుకుని పసరు పోయించడానికి తీసుకుపోతుంటే దారిలోనే పోయాడు. పసిరికలు ముదిరాయి అనుకున్నారంతా. ఆండాళమ్మ కూడా పోయి కళ్లనీళ్లు పెట్టుకుని వచ్చింది.

స్వర్ణ వచ్చిన కొత్తలో గోడకు బొమ్మ తగిలించి, ఈ మాత్ర, ఈ నల్ల మూత్రం, ఈ పచ్చ కళ్లు అని అందరికీ వివరిస్తుంటే, ఆండాళమ్మ చేతిలో చాయ్ చల్లారిపోయింది. అయ్యో, సంతోష్‌ది పసిరికలు కాదు! తాను గర్వంగా చదివిన పలక, తాను చుట్టి ఇచ్చిన పొట్లం. ఏడాదిగా ఆ మాట ఆవిడ గొంతులో ముల్లులా ఉంది. ఆ ముల్లు గుచ్చింది స్వర్ణ అని ఆవిడ కోపం. న్యాయమా అంటే న్యాయం కాదు. కడుపుమంటకు న్యాయం ఎక్కడిది?

కార్తీకంలో ఒక సోమవారం లింగమ్మ మళ్లీ వచ్చింది. ఈసారి ఆమె వేలు పట్టుకుని మనవడు చిరంజీవి ఉన్నాడు. కూతురు కల్పన కొడుకు, ఏడేళ్లవాడు. మంద ఆండాళమ్మ మడిలో దిగి మూడు రోజులైంది, అప్పుడే వాడికీ ఆవిడకూ స్నేహం కుదిరింది. చలితో పళ్లు టకటకలాడుతున్నా ఆవిడను చూసి నవ్వాడు.

"సూదమ్మా, నొప్పి లేకుంట గుచ్చుతవా?"

"కండ్లు మూసుకొని పది లెక్కవెట్టు, అయిపోతది."

వాడు మూడు లెక్కపెట్టేలోపే అయిపోయింది. ఆండాళమ్మ పలక చూసింది. మలేరియానే, అదీ కాలేయంలో దాక్కునే రకం. కాగితం స్వర్ణ బల్ల మీదికి పోయింది. స్వర్ణ ఇంకో చుక్క తీసి మిషన్‌లో పెట్టింది. నంబరు బాగానే వచ్చింది, ఎంజైముకు లోటు లేదని. "ఇంతకుముందు ఏమన్న గోళీలు పడకపోయినయా అవ్వా?" అని లింగమ్మను అడిగింది. "ఏం లే బిడ్డా" అంది లింగమ్మ. రక్తం ఎక్కించారా అని కూడా అడగాలి. ఆ హడావుడిలో స్వర్ణ అది మరిచిపోయింది. జిల్లానుంచి ఒక పెద్దాఫీసరు వచ్చి పక్కనే నిలబడి చూస్తున్నాడు మరి. మహేష్ పద్నాలుగు రోజుల మాత్ర రాసేశాడు.

ఆండాళమ్మ బయటికొచ్చి బెంచీ మీద లింగమ్మ పక్కన కూర్చుంది. మంద పెట్టే దగ్గర ఏళ్ల పరిచయం కదా, లింగమ్మ మనసు విప్పింది.

"గీ పోరడు దక్కుతడనుకోలే ఆండాలమ్మా. మొన్న దీపావళి ముంగట కోదాడ కాడ ఉన్నప్పుడు జరమొచ్చి సున్నం లెక్క తెల్లగయిండు. గాడ ఓ ప్రైవేటు దవాఖానల ఏస్తే, పాణం మీదికొచ్చింది అని రెండు మాట్ల రకతం ఎక్కిచ్చిన్రు. ఎవలో పుణ్యాత్ముడిది."

ఆండాళమ్మకు అర్థమైపోయింది. మీకు అర్థమైందా? పిల్లవాడి ఒంట్లో సగానికి పైగా పారుతున్నది పరాయి రక్తం. మిషన్ చూసింది ఆ పుణ్యాత్ముడి ఎంజైమును, చిరంజీవిది కాదు. వాడి సొంత రక్తం ఎలాంటిదో తెలియాలంటే మూడు నెలలు ఆగి మళ్లీ చూడాలి. అందాకా ఆ మాత్ర వాడి నోట్లో పడకూడదు. అందులోనూ వాడి మేనమామ సంతోష్. తల్లి వైపు రక్తం. లింగమ్మకు ఈ సంగతులు తెలుసు గానీ వాటి అర్థం తెలియదు. స్వర్ణకు అర్థం తెలుసు గానీ సంగతులు తెలియవు. రెండూ తెలిసినది ఆండాళమ్మ ఒక్కతే.

చెప్పాలనే లేచింది. తలుపు దాకా పోయింది కూడా. లోపల మహేష్ ఆ ఆఫీసరుతో అంటున్నాడు, "ఈ అమ్మాయి వచ్చాకే మాకు ధైర్యమండీ. మా దవాఖానకు ఈ అమ్మాయే కన్ను సార్."

కన్ను అన్నాడు! వినండి, కన్ను అన్నాడు!

ఇంతలో ఆఫీసరు వెంట పేపరుకు ఫోటో తీయడానికి వచ్చినవాడు ఆండాళమ్మ వైపు తిరిగి, "మేడం, జర పక్కకు జరుగుతరా, అడ్డమొస్తున్నరు" అన్నాడు. ఆవిడ జరిగింది. నోటిదాకా వచ్చిన మాట మళ్లీ లోపలికి పోయింది.

రేపు చెబుదాంలే, ఒక్క మాత్రకు ఏమవుతుంది అనుకుంది. ఇది పైకి అనుకున్నది. లోపల అనుకున్నది వేరు. ఆ మిషన్ ఒక్కసారి తప్పాలి. ఒక్కసారి తప్పితే చాలు, అప్పుడు నేను పోయి కనిపెట్టానని చెబుతాను, ఎవరు కన్నో అప్పుడు చూస్తారు. పిల్లవాడికేం కానివ్వను, నేనున్నాను కదా. చూశారా మనసు ఎంత నేర్పుగా దొంగలెక్క చెబుతుందో! లింగమ్మ మాత్రల పొట్లం కొంగున ముడేసుకుంది. చిరంజీవి గేటు దాకా వెనక్కి తిరిగి చెయ్యి ఊపుతూనే పోయాడు.

మంగళవారం నిజంగానే చెబుదామని వచ్చింది. బస్సులో ఆ మాట రెండుసార్లు అనుకుంది కూడా. ల్యాబులోకి రాగానే బల్ల మీద పేపరు. జిల్లా పేజీలో స్వర్ణ, చేతిలో మిషన్, పక్కన ఆఫీసరు. దవాఖానలో ఊడ్చే దేవమ్మ దాన్ని పట్టుకుని ఒకటే నవ్వు. "మేడం, గీ అంచున ఉన్న మోచెయ్యి నీదే గదా? గాజులు సూసి గుర్తువట్టిన!"

ఆండాళమ్మ ఆ పేపరు మడిచి దూది డబ్బా కింద పెట్టింది. ఆ రోజంతా నోరు తెరవలేదు. సాయంత్రం ఇంటికి పోయేసరికి మంద తన పొలంలోనే ఉంది, ఇంటికి అడుగు దూరం. పోయి "గోళీలు ఆపు లింగమ్మా" అంటే అయిపోయేది. పోలేదు. ఎందుకాపాలి అంటే సంతోష్ సంగతి చెప్పాలి. అది ఒక భయం. స్వర్ణ మీద మంట ఇంకోటి. ఏది ఎక్కువో ఆవిడకే తెలియలేదు. టీవీ పెట్టుకుని కూర్చుంది.

బుధవారం పొద్దున అన్నం తింటుంటే సత్యనారాయణ పొలం నుంచి వచ్చాడు.

"మంద లేచిపోయింది. తెల్లారకముందే తోలుకపోయిన్రు."

"ఎటు పోయిన్రు?"

"నాకేమెరుక? యాడ కోతలైతే గాడికి. లింగమ్మ మనవనికి పసిరికలు వట్టినట్టున్నయి. ఉచ్చ నల్లగ పోస్తున్నడట. పోయే తొవ్వల పసరు పోయిస్తమన్నరు."

ఆండాళమ్మ కంచం పక్కకు తోసి లేచింది. పన్నెండేళ్ల కిందటి మాటలే, అక్షరం పొల్లుపోకుండా! లింగయ్యకు ఫోను చేసింది, స్విచ్ఛాఫ్. చెయ్యి కూడా సరిగా కడుక్కోలేదు. రోడ్డెక్కి దొరికిన ఆటో పట్టుకుని దవాఖానకు పరిగెత్తింది. ల్యాబులో స్వర్ణ ఒక్కతే ఉంది.

"సోమవారం వచ్చిన పిల్లగాడు... వానికి కోదాడల రకతం ఎక్కిచ్చిన్రు. వాని మేనమామ గిదే మాత్ర తోటి సచ్చిపోయిండు. గిప్పుడు వానికి గూడ నల్లగ పోతున్నది. మంద యాడికి పోయిందో తెల్వది."

స్వర్ణ కుర్చీలోంచి లేచింది. "మీకెప్పుడు తెలిసింది మేడం?"

"సోమవారం."

ఎందుకు చెప్పలేదని స్వర్ణ అడగలేదు. అడిగినా బాగుండేది. ఫోను తీసి తండ్రికి చేసింది. "నాయినా, లింగయ్య మామ మంద త్రిపురారం కాడికెళ్లి లేచింది. యాడుందో జల్ది అడుగు." ఏ మడిలో కోత మిషన్ దిగింది, ఏ కాలువ వెంట గడ్డి ఉంది, ఎవరి మంద ఎటు మళ్లింది, ఇవన్నీ కాపరులకు ఒకరినుంచి ఒకరికి ఫోన్లలో తెలిసిపోతాయి. తన పొలంలో ఇన్నేళ్లు మంద పెట్టించుకున్న ఆండాళమ్మకు ఆ సంగతే తెలియదు. యాదయ్య ఇద్దరిని అడిగి పావుగంటలో చెప్పాడు, నిడమనూరు దారిలో కాలువ కట్ట మీద ఉన్నారని. పిల్లవాడి సంగతి స్వర్ణ చెప్పడంతో మహేష్ అప్పటికే మిర్యాలగూడ పెద్దాసుపత్రికి ఫోను చేసి రక్తం సిద్ధం చేయమంటున్నాడు.

స్వర్ణ స్కూటీ మీద బయల్దేరారు. వెనక కూర్చున్న ఆండాళమ్మ ఆ పిల్ల భుజం గట్టిగా పట్టుకుంది. సగం దారిలో స్వర్ణే అంది, "రకతం సంగతి నేను అడగాలె మేడం. నేనే మరిచిపోయిన. తప్పు నాది." తిట్టినా ఆండాళమ్మ భరించేదేమో గానీ ఈ మాట భరించలేకపోయింది. గాలికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

కట్ట మీద గొర్రెలు, వాటి వెనక సామాన్ల ట్రాలీ ఆటో. అందులో గొంగడి మీద చిరంజీవి. పెదవులు తెల్లగా, కళ్లు పచ్చగా ఉన్నాయి.

"పసిరికలు ఆండాలమ్మా, పసరుకు తోల్కపోతున్నం" అంది లింగమ్మ.

"పొద్దుగాలటి గోళి ఏసినవా?"

"ఇంక ఎయ్యలే. పరిగడుపున పసరు తాగాలెనంట."

ఆ పసరు అలా ఒక మాత్రను ఆపింది. "సూదమ్మా, మళ్ల గుచ్చుతవా?" అన్నాడు చిరంజీవి, గొంతు పైకి రాకుండా. ఆండాళమ్మ వాణ్ణి ఒళ్లో వేసుకుంది. ఆ ట్రాలీ ఆటోనే మిర్యాలగూడ దాకా ఎక్కడా ఆపకుండా తోలించారు.

పిల్లవాడు బతికాడు. రెండు రోజులు అటో ఇటో అన్నట్టు ఉండి, రక్తం ఎక్కించాక, సెలైన్లు పెట్టాక మూడో రోజుకు మూత్రం తెల్లబడింది. ఒంట్లో ఉన్న పరాయి రక్తం పగలలేదు కాబట్టి నిలబడ్డాడని అక్కడి డాక్టరు చెప్పాడు. మిషన్‌ను మోసం చేసిన రక్తమే వాణ్ణి కాపాడింది.

ఐదో రోజు మహేష్ వార్డుకు వచ్చాడు. ఆండాళమ్మ పిల్లవాడి మంచం మీద కూర్చుని వాడి కాలు మీద చెయ్యి వేసి ఉంది. లింగమ్మ ఆవిడ రెండో చెయ్యి పట్టుకుని కళ్లకద్దుకుంది.

"నీ కడుపు సల్లగుండ! మేము పోతుంటే ఎంటవడి వచ్చి బతికిచ్చినవ్."

"నిజమే మేడం గారూ, మీరు కనిపెట్టకపోతే ఏమయ్యేదో! మీరు లేకపోతే ఏం చేసేవాళ్లమండీ!" అన్నాడు మహేష్.

ఇరవై ఏడేళ్లు ఎదురుచూసిన మాట. స్వర్ణ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. తల పైకెత్తలేదు, సోమవారం సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆండాళమ్మ ఒక్క చిరునవ్వు నవ్వి ఊరుకుంటే సరిపోయేది. అప్పుడు లింగమ్మ అడిగింది.

"ఒక్క మాట ఆండాలమ్మా. మా సంతోష్ గాడు గూడ గిట్లనే నల్లగ పోసిండు. గవి పసిరికలు కావా?"



"కావు లింగమ్మా. నేనిచ్చిన గోళీలే. గప్పుడు నాకు తెల్వది. ఏడాది కింద తెలిసింది. నీకు సెప్పలే."

"మరి గీ పోరనిది?"

"సోమవారమే తెలుసు. నువ్వు బెంచీ మీద సెప్పినప్పుడే."

"గప్పుడే ఎందుకు సెప్పలే?"

ఆండాళమ్మ స్వర్ణ వైపు చూసింది. "గా పిల్ల మీద కుళ్లుతోటి. అందరు ఆమెనే మెచ్చుకుంటున్నరని. ఆమె మిషన్ తప్పు కావాలని."

మహేష్ కళ్లద్దాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. లింగమ్మ ముందు తన చేతులు వెనక్కి తీసుకుంది. తర్వాత ఆండాళమ్మ చేతి కింద ఉన్న మనవడి కాలును మెల్లగా అవతలికి జరిపి, గొంగడి కప్పింది.

"ఇగ పో" అంది.

మహేష్ సంజాయిషీ అడిగాడు. ఆండాళమ్మ ఉన్నది ఉన్నట్టు రాసి సంతకం పెట్టింది. పైవాళ్లు పిలిచి చీవాట్లు పెట్టారు, సర్వీసు పుస్తకంలో ఎక్కించారు. ఆవిడ ఎదురు చెప్పలేదు. దూది డబ్బా మాత్రం బీరువాలోంచి బయటికి వచ్చింది. రక్తం ఎక్కించారా, మేనమామలకు ఎవరికైనా మూత్రం నల్లగా పోయిందా అన్న రెండు ప్రశ్నలు స్వర్ణ ఒక అట్ట మీద పెద్దక్షరాలతో రాసి ల్యాబు తలుపుకు తగిలించింది.

ఎండలు ముదిరాక యాసంగి పంట కోతలయ్యాయి. మందలు మళ్లీ కాలువ కిందికి దిగాయి. లింగయ్య మంద ఆండాళమ్మ పొలం గట్టు దాకా వచ్చి, ఆగకుండా పక్కవాళ్ల మడిలోకి పోయింది. "ఏందే, మన మడిల దిగుతలేరు?" అన్నాడు సత్యనారాయణ. "దిగరు" అంది ఆండాళమ్మ.

మరుసటి వారం లింగమ్మ దవాఖానకు వచ్చింది. చిరంజీవికి మళ్లీ పరీక్ష చేయమన్న గడువు ఎప్పుడో దాటింది. వాడి తమ్ముడికి రెండు రోజులుగా జ్వరం కూడా. ఆమె నేరుగా స్వర్ణ బల్ల దగ్గరికి పోయింది. చిరంజీవి నంబరు ఈసారి బాగా తక్కువ వచ్చింది. ఇది వాడి సొంత రక్తం. ఏ మందులు పడవో రాసి స్వర్ణ కార్డు ఇచ్చింది, ఎక్కడికి పోయినా ముందు ఇది చూపించమంది. చిన్నవాడికి మాత్రం ముందు పలక చూడాలి. పలక చూసే బల్ల ఆండాళమ్మది.

వేలు గుచ్చి, పలక పూసి, రంగు వేసి ఆరబెట్టేదాకా లింగమ్మ దూరంగానే నిలబడింది. ఆండాళమ్మ మైక్రోస్కోపు మీద ముసుగు తీసేసరికి బల్ల దగ్గరికి వచ్చింది. ఐదు నెలల తర్వాత మొదటిసారి మాట్లాడింది.

"ఆండాలమ్మా, ఏమన్న కనవడ్తే, గీసారి సెప్తవా?"

"సెప్త" అంది ఆండాళమ్మ.

కన్ను ఆనించింది. ఏమీ కనపడలేదు, అంతా నీళ్లు. కొంగుతో తుడుచుకుని మళ్లీ చూసింది. మళ్లీ అంతే. కుర్చీ వెనక్కి జరిపి లేచి నిలబడింది.

"స్వర్ణా."

స్వర్ణ ఉలిక్కిపడి తల తిప్పింది. ఆ నోట తన పేరు వినడం అదే మొదలు.

"గిట్ల కూసో. నాకు కనవడ్తలేదు, జర నువ్వు సూడు. యాడ సూడాల్నో నేను సెప్త." తర్వాత లింగమ్మ వైపు ఒకసారి చూసి అంది, "ఏది కనవడ్డా పైకే సెప్పు. లింగమ్మకు ఇనవడాలె."